ఏమైతుంది, ఎన్నొద్దుల సంది?

పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దవాఖానాల్లో పొద్దున ఓపీ మొదలైతే పదే పదే వినపడే ప్రశ్నలు రెండు. "ఏమైతుంది?", "ఎన్నొద్దుల సంది?" జవాబులు చీటీ మీదికి ఎక్కేసరికి బొత్తిగా ఎండిపోయి ఉంటాయి: కడుపునొప్పి, మూడు రోజులు. చెప్పిన మనిషి అలా చెప్పి ఉండదు. "పీర్ల పండుగ కాడ ఒకసారి లేచింది సారూ, ఆరెంపీ సూదిస్తే తగ్గింది. మల్ల పత్తి ఏరవోయినప్పుడు వచ్చింది. ఇప్పుడు మూడొద్దుల సంది నిలవనిస్తలేదు" అని ఉంటుంది. చీటీ మీద ఉన్నది అబద్ధమేం కాదు, కానీ ఆమె చెప్పిందీ అది కాదు. నెలల తరబడి వచ్చిపోయే నొప్పికి చేసే వైద్యం వేరు, మూడు రోజుల నొప్పికి చేసేది వేరు. ఇంకోసారి ఆ చీటీ చూసిన మరో డాక్టరు, "ఈ పేషెంట్లు ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పరు" అని విసుక్కుంటే, మాట మారింది ఎక్కడ? రోగి మాటను ఎంతవరకు నమ్మి వైద్యం చేయొచ్చన్న చర్చ మామూలుగా రోగి జ్ఞాపకం మీద, రోగి చదువు మీద, రోగి నిజాయితీ మీద సాగుతుంది. అడిగినవాళ్ళు, రాసుకున్నవాళ్ళు, పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఆ మాటలో ఒక చెయ్యి వేశారన్న సంగతి ఎందుకో లెక్కలోకి రాదు.

ఆ మాట మీద వైద్యం ఎంతగా ఆనుకుని ఉందో 1975లో బ్రిటన్‌లో హాంప్టన్ బృందం లెక్కగట్టి చూసింది. కొత్తగా ఓపీకి వచ్చిన 80 మందిని తీసుకున్నారు. పంపిన డాక్టరు ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నాక వేసిన అంచనాయే 66 మంది విషయంలో చివరిదాకా నిలిచింది. ఒళ్ళు పరీక్షించడం వల్ల అంచనా మారింది ఏడుగురికి, ల్యాబు పరీక్షల వల్ల మారింది ఇంకో ఏడుగురికి. అప్పుడు ఇన్ని స్కానింగులు ఎక్కడివని అడగవచ్చు, నిజమే. అయితే ఈ రోజు కూడా ఏ స్కానింగ్ రాయాలో తేల్చేది ఆ చెప్పిన కథే కదా. ఇంత బరువు మోసే కథకు దొరికే వేళ ఎంత? 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు గమనించి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు మధ్యలో అందుకుంటున్నాడు. 67 దేశాల సమాచారాన్ని పోగుచేసి 2017లో అచ్చయిన సమీక్షలో భారతదేశంలో ఒక్కో రోగికి దక్కే సమయం సుమారు రెండు నిమిషాలు. పాలమూరు మనిషి బస్సెక్కి వచ్చి, లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక చెప్పే కథకు రెండు నిమిషాలంటే, దాన్ని చక్కగా పొందించి చెప్పమనడం పెద్ద పెద్ద వక్తలకే కష్టమైన పని.

కొన్ని సంగతుల్లో రోగి తప్ప ఇంకో సాక్షి లేడు. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు శిబిరాల్లో ఇది అందరూ చూసిందే. ముసలవ్వ ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అద్దం మార్చి మార్చి, "ఇది మంచిగ కనబడుతుందా అవ్వా, అదా?" అని అడిగేవారు. యంత్రం ఒక అంకె ఇస్తుంది, కానీ చివరి మాట ఆమెదే. "రెండూ ఒక్కతీరే ఉన్నయి బిడ్డా" అంటే అక్కడికి ఆగాల్సిందే. అక్షరం రాని మనిషికి అక్షరాల పలక పనికిరాదు గనుక, అటూ ఇటూ తిరిగిన గుర్తులు చూపి, "ఏ దిక్కు ఉంది?" అని చేత్తో చూపమంటారు. అడిగే పద్ధతి మారగానే అదే అవ్వ తడుముకోకుండా జవాబు చెబుతుంది. నొప్పి సంగతీ ఇంతే. ఒకటి నుంచి పది వరకు అంకెల్లో చెప్పమనే అలవాటు పెద్దాసుపత్రుల నుంచి జిల్లాలకూ వచ్చింది. ఇక్కడి జనం నొప్పిని అంకెల్లో కొలవరు. గుంజుతుంది, పొడుస్తుంది, సలుపుతుంది, మండుతుంది, చీమలు పాకినట్టుంది అంటారు. అరికాళ్ళు మండి చీమలు పాకినట్టుందంటే షుగరు నరాలను పట్టిందేమోనని చూడాలి; నడిస్తే పిక్కలు గుంజి, నిలబడితే తగ్గితే రక్తనాళాల సంగతి చూడాలి. నొప్పికి వాడే మాటల్లోనే రోగనిర్ణయం దాగి ఉందని గ్రహించి, కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో ఆ మాటలతోనే ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ఆ రకం మాటలు పాలమూరులో రోగి నోట తయారుగా ఉంటాయి. చీటీ మీద మాత్రం వాటికి బదులు ఒక అంకె కూర్చుంటుంది.

జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి సందేహం మొదలవుతుంది. ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చిందంటే తేదీ చెప్పగలిగేవాళ్ళు తక్కువ. కానీ గద్వాల జమ్ములమ్మ జాతర ముందా తర్వాతా, కురుమూర్తి జాతరకు పోయినప్పుడా, సలేశ్వరం యాత్ర నాటికా అని అడిగితే వారం అటూ ఇటూగా తేలుతుంది. అనుభవమున్న ఏఎన్‌ఎం ఇలాగే అడిగి, పంచాంగం చూసి, రిజిస్టరులో తేదీ వేస్తుంది. కాన్పు తేదీకి ఆ వారం తేడా చిన్నది కాదు గనుక మొదటి నెలల్లోనే స్కానింగ్‌తో సరిచూస్తారు. ఇందులో అవమానమేమీ లేదు. తారీఖులు ఎవరికైనా మసకబారతాయి. మందుల విషయం ఇంకాస్త చిక్కు. 1956లో మద్రాసులో క్షయ రోగులను ఇళ్ళలో ఉంచి చేసే వైద్యాన్ని శానటోరియం వైద్యంతో పోల్చి చూశారు. మింగామన్న గోలీలు నిజంగా మింగారో లేదో తెలుసుకోవడానికి అక్కడ మూత్రపరీక్షలు కూడా చేశారు. ఆ పరిశోధనను నడిపించిన వాలెస్ ఫాక్స్, రోగి తనంత తాను మందు వేసుకోవడంలోని చిక్కుల మీద 1958లోనే ప్రత్యేకంగా రాశాడు. కళ్ళెదుట మింగించే డాట్స్ పద్ధతి వెనుక ఆ అనుమానం ఉంది. పాలమూరులో ఆ అనుమానానికి ఒక స్థానిక కారణం కూడా తోడవుతుంది. కోర్సు సగంలో ఉండగా మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ముంబైకో పుణెకో తీసుకుపోతాడు. తిరిగొచ్చిన మనిషిని "మందులు వేసుకున్నవా?" అని అడిగితే "వేసుకున్న" అనే అంటాడు. ఎందుకంటే, లేదంటే తిట్లు. అదే ప్రశ్నను "పని కాడ ఎన్ని దినాలు తప్పినయి?" అని అడిగితే వేళ్ళు మడిచి లెక్క చెబుతాడు. తప్పడం మామూలేనని ప్రశ్నే ఒప్పుకుంటే ఇక దాచాల్సిన పని ఉండదు.

రోగికే తెలియని జబ్బులు వేరే వరస. ఒంటి మీది తెల్లమచ్చకు స్పర్శ పోయిందంటే, అదే కుష్ఠు తొలి గుర్తు కావచ్చు. నొప్పి లేదు కాబట్టి ఫిర్యాదూ లేదు. బీపీ ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. "నాకేం లేదు సారూ, మంచిగనే ఉన్న" అన్న మాట పూర్తి నిజాయితీతో చెప్పిందే, పూర్తిగా పొరపాటూ కావచ్చు. కట్లపాము సంగతి ఇంకా విచిత్రం. రాత్రి కొట్టంలోనో, చేను దగ్గరి గుడిసెలోనో నేల మీద పడుకున్న మనిషిని అది కరిస్తే నొప్పి ఉండకపోవచ్చు, గాటూ కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, గొంతు పట్టేసినట్టు ఉండటం, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. "పాము కరిచిందా?" అంటే లేదంటారు. అది వాళ్ళకు తెలిసినంతలో నిజమే. "రాత్రి ఎక్కడ పండుకున్నవు?" అన్న ప్రశ్న మాత్రం ప్రాణం కాపాడుతుంది. క్షయలోనూ ఇలాంటిదే బయటపడింది. 2019–21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో దొరికిన రోగుల్లో 42.6 శాతం మందిని ఛాతీ ఎక్స్‌రే పట్టిచ్చింది. దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగి ఊరుకుంటే వాళ్ళు జారిపోయేవాళ్ళే.

అంత మాత్రాన ఇక అడగడం దండగ, యంత్రమే నయమని తేల్చేయవచ్చా? అదే క్షయ చరిత్రలో దీనికి ఎదురుసాక్ష్యం ఉంది. పక్కనే ఉన్న కర్ణాటకలో, తుమకూరు జిల్లా పల్లెల్లో దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ చేసిన అధ్యయనం 1963లో అచ్చయింది. పల్లెజనం జబ్బును పట్టించుకోరు, వాళ్ళకు తెలియదు అని అప్పట్లో ఒక నమ్మకం. ఇంటింటికీ తిరిగి చూస్తే క్షయ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. సగానికి పైగా అప్పటికే దవాఖానా మెట్లెక్కి వచ్చారు. ఎక్కినవాళ్ళలో చాలామంది దగ్గుమందు సీసాతో తిరిగొచ్చారు. చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు, వినాల్సినచోట వినలేదు. దగ్గుతో తానై వచ్చినవాడికి తెమడ పరీక్ష చేస్తే చాలన్న సూత్రం మీద అప్పటి దేశ క్షయ కార్యక్రమాన్ని కట్టడానికి ఈ అధ్యయనం బలమిచ్చింది. రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: చెప్పినదాన్ని కొట్టిపారేయకూడదు, చెప్పనంత మాత్రాన లేదనుకోకూడదు.

రోగి నోటి నుంచి వచ్చే ప్రతి మాటా రోగిదే అనుకోవడం ఇంకో పొరపాటు. "గ్యాస్ పట్టింది సారూ" అని ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకుని వచ్చే మనిషి చెబుతున్నది లక్షణం కాదు, అంతకుముందు ఎవరో చెప్పిన రోగనిర్ణయం. "నరాల బలహీనత", "రగతం తక్కువున్నది", "బీపీ డౌనైంది" ఇవన్నీ ఏ ఆరెంపీ నోటనో, మందుల షాపులోనో విని మోసుకొచ్చినవి. గుండెపోటును గ్యాస్ అని రాసుకుని సోడా తాగమన్న సందర్భంలో తప్పు ఎవరి ఖాతాలో వేయాలి? "గ్యాస్ అంటే ఏమైతుంది, చూపించు" అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టి చూపించేవాడే.

దాచే మాటల దగ్గర ఈ నేల తనదైన పాఠం చెబుతుంది. "తాగుడు ఉందా?" అంటే లేదంటారు, కల్లు తాగుడు లెక్కలోకి రాదు, అది పొద్దుగూకి పనినుంచి వచ్చిన మనిషి ఒళ్ళు నొప్పులకు తాగేది, ఆడవాళ్ళూ తాగేది. దవాఖానాలో పడ్డ రెండు మూడు రోజులకు చేతులు వణికి, ఫిట్సు వచ్చి, లేనివి కనబడి, మాట తడబడితే అప్పుడు ఇంటివాళ్ళు మెల్లగా చెబుతారు. కల్తీ కల్లులో కలిపే డైజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి ఉన్నట్టుండి ఆగిపోతే ఒళ్ళు ఇలా తిరగబడుతుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఇలాంటివాళ్ళు పెద్ద సంఖ్యలో దవాఖానాలకు చేరారు. పురుగుమందు కేసుల్లో దాపరికానికి కారణం ఇంకోటి. గద్వాల సీడు పత్తి చేన్లలో మందు డబ్బా లేని ఇల్లు అరుదు. తాగి వచ్చిన మనిషి వెంట ఉన్నవాళ్ళు "నీళ్ళనుకుని తాగిండు" అంటారు, ఏ మందో చెప్పరు, డబ్బా తేరు. పోలీసు కేసు భయం. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 309, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. అంతకుముందే 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెప్పింది. ఈ సంగతి పల్లెదాకా చేరలేదు, భయం మాత్రం మిగిలింది. ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్‌తో లాక్కురావచ్చు. పారాక్వాట్ అయితే విరుగుడే లేదు. ఏది తాగాడన్న ఒక్క మాట మీద గంటలు నడుస్తాయి. "కేసు సంగతి తర్వాత, డబ్బా తెండి" అని ముందే చెప్పే డ్యూటీ డాక్టరుకు దొరికే నిజం, మొదట "ఎమ్మెల్సీ (పోలీసులకు తెలిపే కేసు) రాయాలె" అనేవాడికి దొరకదు. ఎక్కువ చేసి చెప్పించే సందర్భాలూ లేకపోలేదు. వైకల్యాన్ని కొలిచే సదరం శిబిరంలో అది నిర్ణీత శాతం ఉందంటేనే పింఛను. శబ్దం వినపడితే మీట నొక్కమనే పరీక్ష మనిషి మాట మీద నడుస్తుంది కాబట్టి, అనుమానం వస్తే తలకు తీగలు అంటించి చేసే బెరా పరీక్షకు పంపుతారు. పింఛను డబ్బు ఆధారమైన ఇంట్లో ఆ మీట మీద వేలు కాస్త ఆలస్యంగా పడితే ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

రోగి మాటను నమ్మడమే హాని చేసిన కథ గర్భసంచి ఆపరేషన్లది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తక్కినవి అనంతపురం, శ్రీకాకుళం. ఆ పథకం కన్నా ముందే, చేతి డబ్బుతో, ఈ ఆపరేషన్లు జోరుగా సాగుతుండేవి. పథకంలోనూ ఆరోపణలు వచ్చాక ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వాళ్ళు చెప్పిన బాధలు అబద్ధమా? కావు. తెల్లబట్ట, నడుము నొప్పి, ఎక్కువ రక్తస్రావం అన్నీ ఉన్నవే. మన సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్ళలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ప్రకటించారు: 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది, బాధ ఉందని చెప్పినవారు 55 శాతం, అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. అంటే ఒకచోట ఆ బాధను వినే దిక్కు లేదు. ఇంకోచోట వినడం ఆలస్యం, సంచి తీసేయడమే. మధ్యలో ఉండాల్సిన పరీక్ష, మందులతో నయం చేసే ప్రయత్నం రెండుచోట్లా లేవు. తర్వాత అడిగితే చాలామంది "క్యాన్సర్ అయితదని తీయించుకున్న" అంటారు. అది ఆమె కారణంగా నమోదవుతుంది. ఆ భయం ఆమెకు ఎవరు పెట్టారో ఏ గడిలోనూ నమోదు కాదు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద 2013లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెబుతూ, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలుచేయాలని ఆదేశించింది.

చెప్పే మనిషి తనను తాను ఎంతగా లెక్కచేసుకుంటుందన్నది కూడా ఆ మాటలో కలిసే ఉంటుంది. 1944లో, బెంగాల్ కరువు మరుసటి ఏడు, కలకత్తా దగ్గర సింగూరులో చేసిన సర్వేను అమర్త్యసేన్ ఎత్తిచూపాడు: ఆరోగ్యం బాగోలేదనో అంతంతమాత్రమనో చెప్పుకున్న భార్య పోయిన మగవాళ్ళు 48.5 శాతం, అలా చెప్పుకున్న వితంతువులు 2.5 శాతం. వితంతువులు అంత గట్టిగా ఉన్నారని ఎవరైనా నమ్ముతారా? 2002లో ఆయనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరోటి గుర్తుచేశాడు: ఆయుర్దాయం ఎక్కువ ఉన్న కేరళలో జబ్బు ఉందని చెప్పేవాళ్ళు బిహార్ కన్నా ఎక్కువ. వైద్యం అందుతుందన్న నమ్మకం ఉన్నచోట బాధకు నోరొస్తుంది. ఓపీ గదిలో భర్త చెబుతుంటే పక్కన తలవంచుకుని నిలబడ్డ ఇల్లాలి విషయంలో, అచ్చంపేట దాకా దిగివచ్చి డాక్టరు మొహం చూడకుండా మాట్లాడే నల్లమల చెంచు మనిషి విషయంలో ఈ లెక్కే పనిచేస్తుంది. "నువ్వు చెప్పమ్మా" అని ఒక్కసారి ఆమె వైపు తిరిగి అడిగితే భర్త చెప్పిన జబ్బు కాక ఇంకోటి బయటికి రావడం కద్దు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో మొదలైన మెడికల్ కాలేజీలకు వేరే జిల్లాల, వేరే రాష్ట్రాల పిల్లలూ వస్తున్నారు. "దమ్మొస్తుంది" అంటే ఆయాసమని, "పానం మంచిగ లేదు" అంటే ఎన్నెన్ని కావచ్చో వాళ్ళు నేర్చుకోవాల్సింది ఇక్కడి మంచాల పక్కనే. యాసే కాదు, పని సంగతీ తెలియాలి. పని చేసే మనిషిని "నీ వృత్తి ఏమిటి?" అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే రాశాడు. రాళ్ళు కొట్టే పనుల్లో, సొరంగాల్లో ఏళ్ళు గడిపిన పాలమూరు కూలీ దగ్గును, ఆ ప్రశ్న అడగకుండా క్షయ అనుకుని గోలీలిస్తే దుమ్ముతో గడ్డకట్టిన ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ ఉండదు.

పద్ధతిగా అడిగితే రోగి మాట ఎంత పని చేస్తుందో 2017లో అమెరికాలో ఎథన్ బాష్ బృందం చూపింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 766 మందిలో కొందరు తమ బాధలను కంప్యూటరులో తామే నమోదు చేసేవారు. తీవ్రమైతే నర్సుకు కబురు అందేది. వాళ్ళ మధ్యస్థ ఆయువు 31.2 నెలలు, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారిది 26 నెలలు. కొత్త మందు ఏదీ లేదు; చెప్పింది చేరాల్సినచోటికి చేరింది, చేరాక ఎవరో కదిలారు.

ఇన్ని వైపుల నుంచి చూశాక రోగి మాటకు ఒకే తూకం వేయలేమని తేలుతుంది. నొప్పి, చూపు, ఆయాసం విషయంలో దానికి మించిన ప్రమాణం లేదు. తేదీలకు, గోలీలకు ఆనవాళ్ళు పట్టుకుని సాయం చేయాలి. బీపీకి, స్పర్శ పోయిన మచ్చకు అడగకుండానే పరీక్షించాలి. కల్లుకు, పురుగుమందుకు ముందు భయం తీయాలి. "క్యాన్సర్ అయితదన్నరు" అంటే ఎవరన్నారో కనుక్కోవాలి. ఇవన్నీ జబ్బు ఏమిటో తేల్చే దాకా. తేలాక ఏం చేయాలన్న దగ్గర మళ్ళీ మొదటి మాట రోగిదే అవుతుంది. గద్వాలలో గుంత మగ్గం మీద కూర్చునే నేతమనిషికి నడుము ఎముక అరిగిందని ఎక్స్‌రే చెబుతుంది. మగ్గం మానాలా, నొప్పి ఓర్చుకుంటూ ఇంకొన్నాళ్ళు నేయాలా, అప్పు చేసి ఆపరేషన్‌కు పోవాలా అన్నది ఏ ఫిల్ములోనూ కనబడదు. అందులో పొరపాటు పడే హక్కుతో సహా ఆ నిర్ణయం అతనిది. ముందున్న దారులు, వాటి ఖర్చు, వాటి ప్రమాదం అతనికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఎదుట కూర్చున్న డాక్టరుది.